వరంగల్ నుంచి సముద్రానికి గాలం వేయడానికి వెళ్తే ఏ రాడ్, ఏ రీల్, ఏ ఫ్లై?

ముందుగా మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పుకుందాం. మీరు హన్మకొండలో ఉంటారు. ఐదారేళ్ళుగా ధర్మసాగర్ వైపు, ఊరి చెరువుల్లో కొర్రమట్టలకు గాలం వేస్తున్నారు. మీ దగ్గర 7 అడుగుల రాడ్, 2500 సైజు స్పిన్నింగ్ రీల్ ఉన్నాయి. ఇకమీదట ఏడాదికి మూడు నాలుగు సార్లు బాపట్ల, వైజాగ్ వైపు సముద్రానికి వెళ్ళాలనుకుంటున్నారు. ఉన్న సామాను పనికొస్తుందా, కొత్తది కొనాలా, ఫ్లై ఫిషింగ్ (ఈకలతో కట్టిన తేలికపాటి ఎరతో గాలం వేయడం) కూడా మొదలుపెట్టాలంటే ఏం కావాలి, ఇవీ మీరు అడిగినవి. చేతిలో 20 వేలు ఉన్నాయన్నారు.

సూటిగా జవాబు: రాడ్ ఉంచుకోండి, రీల్ మార్చండి. మీ 7 అడుగుల రాడ్ ఉప్పుటేరుల్లో, మొగల దగ్గర బాగానే పనిచేస్తుంది. మీ చెరువు రీల్‌ను మాత్రం ఉప్పునీళ్ళ దగ్గరికి తీసుకెళ్ళకండి. 20 వేలలో సగానికి పైగా ఒక మంచి 4000 సైజు రీల్ మీద పెట్టండి. మిగిలిన డబ్బుతో 9 అడుగుల రాడ్ ఒకటి, మంచి అల్లిక దారం, లీడర్ దారం (ఎరకు ముందు కట్టే గట్టి దారం), నాలుగైదు ఎరలు వస్తాయి. ఫ్లై సామాను రెండో విడతలో కొనండి. అప్పుడు కావలసింది 9 అడుగుల 8 వెయిట్ రాడ్, సీల్ చేసిన డ్రాగ్ (చేప లాగినప్పుడు దారాన్ని బిగువుగా వదిలే బ్రేకు) ఉన్న రీల్, వేడి ప్రాంతాల కోసం చేసిన లైను, మూడు రకాల ఫ్లైలు. మొదటి ఏడాదికి అంతకు మించి ఏదీ అక్కర్లేదు.

ఇక ఎందుకలా అంటున్నానో చెప్తాను. నాది కాజీపేట. పద్నాలుగేళ్ళుగా సెలవు దొరికినప్పుడల్లా సముద్రానికి పోయి వస్తున్నాను. సాయంత్రం వరంగల్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి వైజాగ్‌లో ఉంటాం, అందుకని నా ప్రయాణాలు ఎక్కువగా అటే. మన తెలంగాణకు సముద్రం లేదు కాబట్టి ఒక్కో ప్రయాణానికీ రెండు మూడు రోజుల సెలవు, డబ్బు ఖర్చవుతాయి. అంత దూరం పోయాక సామాను మొరాయిస్తే ఎంత బాధగా ఉంటుందో నాకు తెలుసు. ఇంత పొడుగు జవాబు రాస్తున్నది అందుకే.

ముందు ఎక్కడ నిలబడతారో తేల్చుకోండి

చాలామంది ఏ చేప పట్టాలనుకుంటున్నారో చెప్పి రాడ్ అడుగుతారు. నేను మాత్రం ఎక్కడ నిలబడి విసురుతారని అడుగుతాను. మన వాళ్ళు వెళ్ళే చోట్లు మూడు రకాలు. ఒకటి, సూర్యలంక లాంటి చదునైన ఇసుక ఒడ్డు. రెండు, నది సముద్రంలో కలిసే మొగ, దాని వెనక ఉండే ఉప్పుటేరు. భీమిలి దగ్గర గోస్తనీ, అంతర్వేది దగ్గర వశిష్ఠ గోదావరి, హంసలదీవి దగ్గర కృష్ణ అలా కలుస్తాయి. మూడు, వైజాగ్‌లో యారాడ, రుషికొండ వైపు ఉన్న రాళ్ళు.

ఇసుక ఒడ్డున అలలు విరిగే గీత దాటించాలి, లేదా కనీసం ఆ గీతకు ఇవతలున్న లోతైన కాలువ లాంటి చోటికి ఎరను చేర్చాలి. నా చేతికి 7 అడుగుల రాడ్‌తో 20 గ్రాముల ఎర నలభై మీటర్లు పోతుంది. 9 అడుగుల రాడ్‌తో 40 గ్రాముల లోహపు ఎర అరవై, డెబ్భై మీటర్లు పోతుంది. ఆ తేడాలోనే చేప ఉంటుంది. పైగా పొడుగు రాడ్ ఉంటే దారాన్ని అలల పైకి ఎత్తి పట్టుకోవచ్చు. 10, 11 అడుగుల రాడ్లూ దొరుకుతాయి గానీ రోజంతా ఎర విసిరి లాగే పనికి అవి బరువు. సీసం కట్టి, ఎర వేసి, రాడ్ నిలబెట్టి కూర్చునే వాళ్ళకు అవి సరి.

మొగల్లో, ఉప్పుటేరుల్లో అంత దూరం అక్కర్లేదు. పండుగప్ప ఒడ్డుకు ఆనుకునే ఉంటుంది. వంతెన స్తంభం నీడలో, మడ చెట్ల వేళ్ళ పక్కన, ఆటు మొదలై చిన్న కాలువ పెద్ద దాంట్లోకి దిగే మూల దగ్గర కాచుకుని ఉంటుంది. మత్తడి దూకే కాలంలో కొర్రమట్ట ఎక్కడ నిలబడుతుందో మీకు తెలుసు కదా, ఆ చూపు ఇక్కడ అచ్చంగా పనికొస్తుంది. ఇక్కడ ఇరవై మీటర్లు సరిగ్గా గురి చూసి వేయగలిగితే చాలు. అందుకే మీ 7 అడుగుల రాడ్ ఉంచుకోమన్నాను. ఫ్లై రాడ్ కూడా ఇక్కడే పనికొస్తుంది, ఇసుక ఒడ్డున కాదు.

రాళ్ళ మీదికి మొదటి ఏడాది వెళ్ళకండి. ఒంటరిగా అసలే వెళ్ళకండి. వరుసగా ఇరవై అలలు చిన్నగా వచ్చి ఇరవై ఒకటోది నడుం దాకా రావచ్చు. కాసేపు ఒడ్డునే నిలబడి, తడి గీత ఎంత ఎత్తు దాకా ఉందో చూసి, దానికి పైన పొడిగా ఉన్న రాయి మీదే నిలబడాలి. సముద్రానికి వీపు తిప్పకూడదు.

రీల్ సంగతి కాస్త ఎక్కువ చెప్పాలి

నేను మొదటిసారి సూర్యలంక పోయినప్పుడు చెరువు రీలే పట్టుకెళ్ళాను. రెండు రోజులు వేశాను. ఇంటికొచ్చి తడిగుడ్డతో తుడిచి సంచిలో పెట్టాను, అది చాలనుకున్నాను. పన్నెండు రోజుల తర్వాత తీస్తే హ్యాండిల్ తిరగలేదు. విప్పి చూస్తే బేరింగ్ చుట్టూ తెల్లటి పొడి, మిల్లు పిండి అంటుకున్నట్టు. దారం జారే చిన్న రోలర్ బిగుసుకుపోయింది. అది తిరగకపోతే దారం రాపిడికి అరుగుతుంది, ఆ సంగతి చేప తెంపుకుని పోయాక గానీ తెలియదు. ఆ రీల్‌ను బాగు చేయించలేకపోయాను.

ఉప్పునీళ్ళు ఆరిపోతాయి గానీ ఉప్పు పోదు. గాలిలో తేమ తగిలినప్పుడల్లా అది మళ్ళీ చెమ్మగిల్లి లోహాన్ని తింటూనే ఉంటుంది. రెండు వేర్వేరు లోహాలు ఆనుకుని ఉన్న చోట, అంటే అల్యూమినియం బాడీలో స్టీలు స్క్రూ ఉన్న చోట, ఇంకా తొందరగా తింటుంది.

కాబట్టి రీల్ కొనేటప్పుడు ఇవి చూడండి. డ్రాగ్ వాషర్ల దగ్గర, మెయిన్ షాఫ్ట్ దగ్గర నీళ్ళు పోకుండా సీలు ఉండాలి. బాడీ అల్యూమినియం గానీ, గట్టి కార్బన్ రెసిన్ గానీ కావచ్చు. తేలికగా ఉందని మెగ్నీషియం బాడీ మాత్రం తీసుకోకండి, పైన గీత పడితే ఉప్పుకు అదే ముందు పోతుంది. 200 మీటర్ల పీఈ 2 దారం (పీఈ అంకె అల్లిక దారం మందాన్ని చెప్తుంది) పట్టాలి. హ్యాండిల్ ఒకసారి తిప్పితే రోటర్, అంటే స్పూల్ చుట్టూ తిరిగి దారం చుట్టే భాగం, ఆరు సార్లు తిరిగేలా ఉంటే మంచిది. పార, వంజరం లాంటివి వేగంగా పోయే ఎరనే తరుముతాయి.

పెట్టె మీద రాసిన బేరింగుల సంఖ్య చూసి మోసపోకండి. చవక రీళ్ళ మీద 12, 13 అని పెద్దక్షరాల్లో ఉంటుంది. సీలు లేని ప్రతి బేరింగూ తుప్పు పట్టే ఇంకో చోటే. ఐదారు బేరింగులున్నా సీలు బాగుంటే అదే మేలు. షిమానో, డైవా, పెన్, ఈ మూడింటిలోనూ మధ్య ధరలో ఉప్పునీటికి చేసిన రీళ్ళు ఉన్నాయి. సైజు అంకె ఒక కంపెనీకీ ఇంకో కంపెనీకీ ఒకేలా ఉండదు. అంకెను నమ్ముకోకుండా బరువు, పట్టే దారం ఎంతో పోల్చి చూసుకోండి.

డ్రాగ్ ఎంత బిగించాలో చేతి అంచనాతో వదిలేయకండి. కూరగాయల బండ్ల మీద వేలాడే స్ప్రింగ్ కాటా చిన్నది ఒకటి కొనండి. రాడ్‌కు దారం ఎక్కించి, కొసను కాటాకు కట్టి, రాడ్ వంచి లాగించండి. దారం తెగే బరువులో మూడో వంతు, లేదా కాస్త తక్కువ దగ్గర రీల్ దారం వదలడం మొదలుపెట్టాలి. 30 పౌండ్ల దారానికి అది సుమారు 4 కిలోలు. కొత్తవాళ్ళు చేతితో లాగి చూసి బిగుతుగానే ఉందనుకునేది చాలాసార్లు కిలోన్నర కూడా ఉండదు.

దారం, ముడి

మెయిన్ లైనుగా పీఈ 2 అల్లిక దారం తీసుకోండి, సుమారు 0.235 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. దాని కొసకు 30 నుంచి 40 పౌండ్ల ఫ్లోరోకార్బన్ లీడర్ ఒకటిన్నర మీటరు కట్టాలి. ఆ లీడర్ తప్పనిసరి. పండుగప్ప నోటి లోపల గరుకు కాగితంలా ఉంటుంది, చెంప మీది మొప్ప మూత అంచు బ్లేడులా కోస్తుంది. అల్లిక దారం ఆ రాపిడికి క్షణం కూడా ఆగదు. వంజరానికి పళ్ళు కత్తెరలాంటివి, దానికైతే ఎర ముందు జానెడు సన్నటి స్టీలు తీగ కావాలి.

అల్లిక దారాన్నీ లీడర్‌నూ కలపడానికి ఎఫ్‌జీ ముడి నేర్చుకోండి. సన్నగా ఉండి రింగుల్లోంచి సాఫీగా పోతుంది. కష్టమైన ముడే, కాదనను. నేను వారం రోజులు రోజూ రాత్రి భోజనాలయ్యాక పది ముడులు వేసి, బకెట్ నిండా నీళ్ళు పోసి దానికి కట్టి ఎత్తి చూసేవాణ్ణి. ముడి జారితే అల్లిక దారం మీద తెల్లటి గీత కనిపిస్తుంది. బిగిసిన ముడి ముదురు రంగుకు మారుతుంది. ఆ రంగు చూడటం వచ్చాక నా ముడి మళ్ళీ జారలేదు.

రాడ్ గురించి ఒక్క మాట చాలు. రింగుల ఫ్రేములు స్టెయిన్‌లెస్ స్టీలువై ఉండాలి, రీల్ బిగించే చోట మరలు గట్టిగా ఉండాలి, రాడ్ మీద 15 నుంచి 50 గ్రాములు అని రాసి ఉండాలి. రెండు ముక్కల 9 అడుగుల రాడ్ అంటే ఒక్కో ముక్క 137 సెంటీమీటర్లు. హార్డ్‌వేర్ షాపులో నాలుగంగుళాల పీవీసీ పైపు కోయించి రెండు మూతలు పెట్టించుకుంటే రైల్లో కింది బెర్తు కింద పడుకోబెట్టవచ్చు. స్టేషన్లో రాడ్‌ను ఎప్పుడూ జోడించకండి. పైన తీగల్లో 25,000 వోల్టుల కరెంటు ఉంటుంది, కార్బన్ రాడ్‌లోంచి కరెంటు పారుతుంది. ఉప్పుటేరుల గట్ల మీద కిందికి వేలాడే కరెంటు తీగల దగ్గరా, ఉరుములు మొదలైనప్పుడూ ఇదే జాగ్రత్త.

ఎరల్లో 30, 40 గ్రాముల వెండి రంగు లోహపు జిగ్గులు రెండు, తోక ఊగే నాలుగంగుళాల రబ్బరు చేపలు ఒక ప్యాకెట్, వాటికి 14 గ్రాముల జిగ్ హెడ్లు (బరువైన తల ఉన్న గాలాలు), 11 సెంటీమీటర్ల మునిగే మిన్నో (చిన్న చేప ఆకారపు గట్టి ఎర) ఒకటి ఉంటే చాలు. మిన్నోకు వచ్చిన గాలాలు తీసేసి ఉప్పునీటి గాలాలు వేయించుకోండి.

ఇక ఫ్లై

తెలియని వాళ్ళు కూడా చదువుతారు కాబట్టి చెప్తాను. ఫ్లై అంటే గాలానికి ఈకలు, పోగులు, వెంట్రుకలు దారంతో కట్టి చేసిన ఎర. దానికి దాదాపు బరువే ఉండదు. మామూలు గాలంలో ఎర బరువు దారాన్ని లాక్కుపోతుంది. ఇక్కడ లైను బరువే ఎరను మోసుకుపోతుంది. అందుకే రాడ్లకు లైను బరువును బట్టి అంకె ఇస్తారు. 8 వెయిట్ అంటే లైను మొదటి 30 అడుగులు సుమారు 13.6 గ్రాములు.

8నే ఎందుకంటే, 6 వెయిట్‌తో మన చెరువుల్లో జిలేబీ చేపలు హాయిగా పట్టవచ్చు గానీ, సముద్రపు గాలికి ఎదురుగా బరువు కళ్ళున్న ఫ్లైని అది తోయలేదు. 10 వెయిట్ పడవ మీద పెద్ద చేపలకు బాగుంటుంది, కానీ కొత్తగా నేర్చుకునే చేయి గంటకే పట్టేస్తుంది. మూడు నాలుగు కిలోల పండుగప్పకూ, ఉప్పుటేరులో తిరిగే పారకూ 8 సరిపోతుంది. నాలుగు ముక్కల రాడ్ తీసుకోండి, ఒక్కో ముక్క సుమారు 70 సెంటీమీటర్లే, బ్యాగులో పడుతుంది.

చెరువులో ఫ్లై రీల్ లైను చుట్టి పెట్టుకునే చక్రం మాత్రమే. సముద్రపు చేప పరుగెత్తినప్పుడు దాన్ని ఆపే బ్రేకు అదే. సీల్ చేసిన డ్రాగ్, పెద్ద నడిమి చుట్టు, ఫ్లై లైను వెనక 20 పౌండ్ల డాక్రాన్ బ్యాకింగ్ (చేప దూరం పరుగెత్తితే పనికొచ్చే అదనపు దారం) 150 మీటర్లు ఉండేలా చూడండి.

లైను విషయంలో నేను పొరపాటు చేశాను. మొదటి లైను తక్కువ ధరకు వచ్చిందని చలి దేశాల నదుల కోసం చేసిన దాన్ని కొన్నాను. డిసెంబరు పొద్దున ధర్మసాగర్ కట్ట మీద చక్కగా పోయింది. మార్చిలో భీమిలి మొగ దగ్గర పదకొండు గంటల ఎండలో అదే లైను ఉడికిన సేమియాలా మెత్తబడి, వేళ్ళకు అంటుకుని, రింగుల్లోంచి కదల్లేదు. మన తీరంలో నీళ్ళే చాలా నెలలు 27, 28 డిగ్రీలకు పైగా ఉంటాయి, ఎండలో వడ్డున పడ్డ లైను ఇంకెంత వేడెక్కుతుందో చూడండి. పెట్టె మీద ట్రాపికల్ లేదా వేడి నీళ్ళ కోసం అని రాసి ఉన్న సాల్ట్‌వాటర్ లైనే కొనండి. దాని లోపలి పోగు గట్టిగా ఉంటుంది.

తేలే లైనా, మునిగేదా? చాలామంది తేలే లైనుతో మొదలుపెట్టమంటారు. నేర్చుకోవడానికి అది సులువు, నిజమే. నేనైతే మన తీరానికి ఒక్కటే కొనే పక్షంలో నిదానంగా మునిగే ఇంటర్మీడియట్ లైనే కొంటాను. గాలి తేలే లైనును విల్లులా వంచేస్తుంది, అప్పుడు చేప ముట్టినా చేతికి తెలియదు. ఇంటర్మీడియట్ లైను నీటి పైపొర కిందికి దిగి నిటారుగా ఉంటుంది. మళ్ళీ విసిరే ముందు దాన్ని పైకి తెచ్చుకోవడం కాస్త అలవాటు కావాలి, అంతే.

ఫ్లైలు మూడు చాలు

మొదటిది క్లౌజర్ మిన్నో. 1980లలో అమెరికాలో బాబ్ క్లౌజర్ అనే గైడ్ సస్క్వెహన్నా నదిలో బాస్ చేపల కోసం కట్టిన ఫ్లై ఇది. మంచినీటి కోసం పుట్టి సముద్రమంతా తిరిగింది. గాలం కన్ను దగ్గర బరువైన రెండు లోహపు కళ్ళుంటాయి కాబట్టి లాగి ఆపినప్పుడల్లా తల కిందికి దిగుతుంది, గాలం మొన పైకి తిరిగి ఉంటుంది. అందువల్ల అడుగున వేళ్ళకు, రాళ్ళకు తక్కువ తగులుకుంటుంది. తెలుపు మీద లేత పసుపుపచ్చ, తెలుపు మీద గోధుమ, ఈ రెండు రంగులు కట్టండి. నెత్తళ్ళ సైజు, అంటే ఆరేడు సెంటీమీటర్లు ఉండాలి. గాలం సైజు 1/0.

రెండోది డిసీవర్. లెఫ్టీ క్రే 1950ల చివర్లో కట్టింది. 1991లో అమెరికా తపాలా శాఖ దీని బొమ్మతో బిళ్ళ కూడా వేసింది. పొడుగాటి కోడిపుంజు ఈకలు తోకలా ఊగుతూ నిజంగా చిన్న చేపలా కనిపిస్తాయి. నీళ్ళలో తడిసినా గాల్లో బరువుగా అనిపించదు. పది పన్నెండు సెంటీమీటర్లు, 2/0 గాలం మీద కట్టుకోండి.

మూడోది గర్గ్లర్. వీపు మీద ఫోమ్ ముక్క మడిచి కట్టిన తేలే ఫ్లై. తెల్లవారుజామున, నీళ్ళు కదలకుండా ఉన్నప్పుడు బుడబుడమని లాగితే పండుగప్ప పైకొచ్చి కొడుతుంది. ఆ చప్పుడు వింటే కొర్రమట్ట కప్ప ఎరను కొట్టినట్టే ఉంటుంది, ఇంకా బరువుగా ఉంటుంది. దీనికి మాత్రం తేలే లైను ఉండాలి, అందుకే ఇది తర్వాత.

వీటిని ఇంట్లోనే కట్టుకోవచ్చు. నాటుకోళ్ళు అమ్మే చోట పుంజు మెడ ఈకలు అడిగితే ఊరికే ఇస్తారు. సబ్బు నీళ్ళలో కడిగి నీడన ఆరబెట్టాలి. మెరుపు కోసం ప్లాస్టిక్ జరీ పోగులు, ఫోమ్ కోసం పిల్లల క్రాఫ్టు షీట్లు. గాలాలు మాత్రం స్టెయిన్‌లెస్ స్టీలువి కొనండి. విదేశీ వీడియోల్లో జింక తోక వెంట్రుకలతో కడుతుంటారు. ఇక్కడ మాత్రం ఎవరైనా జింక తోలు ముక్కో తోకో ఇస్తానంటే ముట్టుకోకండి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. తెల్లటి సింథటిక్ పోగులో, మేక వెంట్రుకలో వాడితే ఫ్లై ఏమాత్రం తగ్గదు.

చేప ముట్టగానే రాడ్ ఎత్తకండి. కొర్రమట్టకు రాడ్‌ను ఒక్క ఊపున పైకి లాగి గాలం గుచ్చే అలవాటు మీకూ ఉంటుంది, నాకూ ఉంది. భీమిలిలో నా మొదటి పండుగప్ప అలాగే పోయింది. వంతెన నీడలోంచి బంగారు రంగు పక్క ఒకటి తిరగడం కళ్ళారా చూశాను, లైను బిగిసింది, నేను రాడ్ ఎత్తాను, ఫ్లై గాల్లోకి లేచి నా వెనక పడింది. ఫ్లై రాడ్ మెత్తన, ఎత్తితే కొస వంగుతుందే తప్ప గాలం దిగదు. రాడ్ కొసను నీటి వైపే ఉంచి, ఎడమ చేత్తో లైనును బలంగా వెనక్కి లాగాలి. గాలం దిగిందని తెలిశాకే రాడ్ ఎత్తాలి. ఈ అలవాటు మార్చుకోవడానికి నాకు మూడు ప్రయాణాలు పట్టింది.

ఇక్కడే సాధన చేయండి

ఫ్లై విసరడం సముద్రం దగ్గర నేర్చుకునేది కాదు. పొద్దున్నే ఏదైనా కాలేజీ మైదానంలో, గాలం లేకుండా కొసకు ఎర్ర ఊలు పోగు కట్టి, రోజుకు ఇరవై నిమిషాలు విసరండి. తర్వాత గాలి కావాలి. కరీంనగర్ దిగువ మానేరు కట్ట మీద సాయంత్రాలు గాలి బాగా కొడుతుంది, ఎదురుగాలికి విసరడం, రెండో చేత్తో లైను లాగి వేగం పెంచడం నేను అక్కడే నేర్చుకున్నాను. గాలి కుడి వైపు నుంచి వస్తే ఫ్లై చెవికో కంటికో వస్తుంది. కళ్ళద్దాలు, టోపీ లేకుండా విసరకండి. గాలం ముల్లును పట్టకారుతో నొక్కేయండి. గుచ్చుకున్నా తేలిగ్గా వస్తుంది, చేపను వదలడమూ సులువు.

చెరువులో నిజంగా గాలం వేస్తే మాత్రం ముందు ఆ ఊరి మత్స్య సహకార సంఘం వాళ్ళను అడగండి. చేపల మీద హక్కు వాళ్ళది, పిల్లలు వేసి పెంచుకుంటున్నది వాళ్ళు. నన్ను ఎవరూ కాదనలేదు, అడగకుండా దిగిన వాళ్ళతోనే గొడవలు.

ఎప్పుడు వెళ్ళాలి

నా అనుభవంలో జనవరి నుంచి మార్చి దాకా మంచి రోజులు. సముద్రం కాస్త నెమ్మదిస్తుంది, నీళ్ళు తేటగా ఉంటాయి. వానాకాలంలో గోదావరి వరద దిగితే మొగల దగ్గర నీళ్ళు టీ రంగులో ఉంటాయి, ఫ్లై వేసి లాభం లేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపానుల భయం, వాతావరణ శాఖ హెచ్చరిక చూడకుండా టికెట్ తీయకండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మర పడవల వేటకు నిషేధం, ఆ రోజుల్లో పడవ మాట్లాడుకుందామనుకోకండి.

అమావాస్య, పున్నమి దగ్గర పోటు ఎక్కువ, నీళ్ళు బలంగా కదులుతాయి. ఉప్పుటేరులో పోటు నిండి ఆటు మొదలయ్యాక రెండు గంటలు నాకు బాగా కలిసొచ్చిన సమయం. చిన్న చేపలూ రొయ్యలూ మడ చెట్లలోంచి బయటికి కొట్టుకొస్తాయి. అంతర్వేది దగ్గర ఒక పెద్దాయన వల ఆరేసుకుంటూ నా రాడ్ వైపు చూసి, "నీళ్ళు ఇంకా తేరలేదు బాబూ, ఎల్లుండి రా" అన్నాడు. నేను వినకుండా రోజంతా వేశాను, ఒక్కటీ ముట్టలేదు. రెండు రోజుల తర్వాత నీళ్ళు తేరాయి, పొద్దున్నే రెండు పడ్డాయి. అప్పటి నుంచి ఎక్కడికి పోయినా సామాను విప్పకముందే అక్కడి మత్స్యకారులను పలకరిస్తాను. కాకినాడ దగ్గర కోరంగి మడ అడవి చాలా అందంగా ఉంటుంది, కానీ అది అభయారణ్యం, అనుమతి లేకుండా లోపల గాలం వేయకూడదు.

లోతు లేని నీళ్ళలో నడిచేటప్పుడు పాదాలు ఎత్తకుండా ఇసుకలో ఈడుస్తూ నడవండి. టేకు చేప ఇసుకలో కప్పుకుని ఉంటుంది, కాలు తగిలితే తప్పుకుంటుంది, తొక్కితే తోక ముల్లు దించుతుంది. సముద్రపు జెల్ల ముళ్ళూ అంతే, విషం ఉంటుంది. గుచ్చుకుంటే చర్మం కాలకుండా ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో ముంచితే నొప్పి తగ్గుతుంది, ఆ వెంటనే డాక్టరు దగ్గరికి పోవాలి.

ఒకవేళ పెద్ద పండుగప్ప పడితే దాన్ని వదిలేయమని నా మనవి. ఈ చేప మగదిగా ఎదిగి, కొన్నేళ్ళ తర్వాత ఆడదిగా మారుతుంది. పెద్దవన్నీ దాదాపు గుడ్లు పెట్టే తల్లులే. కూరకు రెండు కిలోలది చాలు.

తిరిగొచ్చాక చేసే పని

అసలు రీల్ బతికేది లాడ్జి బాత్రూమ్‌లోనే. గదికి రాగానే, మీ స్నానం కన్నా ముందు, డ్రాగ్‌ను పూర్తిగా బిగించండి, లోపలికి నీళ్ళు పోకుండా. మగ్గుతో మంచినీళ్ళు మెల్లగా పోయండి. పంపు ధారగా పెట్టకండి, బకెట్‌లో ముంచకండి. ధార ఉప్పును ఇంకా లోపలికి తోస్తుంది. హ్యాండిల్ తిప్పుతూ రోలర్ మీద పోయండి. గుడ్డతో తుడిచి, ఫ్యాను కింద ఆరబెట్టి, ఆరాక డ్రాగ్ పూర్తిగా వదులు చేయండి, లేకపోతే వాషర్లు అణిగిపోతాయి. రోలర్‌లో ఒక చుక్క నూనె వేయండి. రాడ్ రింగుల పాదాల దగ్గర పాత టూత్ బ్రష్‌తో రుద్దండి. ఫ్లై లైనును బకెట్ నీళ్ళలోకి చుట్టలుగా వదిలి మళ్ళీ ఎక్కించుకోండి, బ్యాకింగ్ తడిస్తే అది కూడా.

వాడిన ఎరలు, ఫ్లైలు తిరిగి అదే డబ్బాలో వేయకండి. ఒక్క తడి గాలం వల్ల డబ్బా మొత్తం తుప్పు పడుతుంది. నేను వేరుగా ఒక ప్లాస్టిక్ టిఫిన్ డబ్బా పెట్టుకుంటాను, వాడినవన్నీ అందులోకి, రాత్రి అన్నీ ఒకేసారి కడుగుతాను.

మీ 2500 రీల్ ఏ కంపెనీదో, రాడ్ మీద ఎన్ని గ్రాములని రాసి ఉందో కింద రాయండి. రాడ్ 10 నుంచి 30 గ్రాములదైతే 9 అడుగులది కొనడం కూడా కొన్నాళ్ళు ఆపి, మొదటి ప్రయాణం భీమిలి మొగకే పెట్టుకోవచ్చు. అప్పుడు మిగిలే డబ్బు ఫ్లై రీల్‌కు పనికొస్తుంది.